రాగిరేకు మీద సన్నని గాడి

ఇంటి బల్లమీద సర్క్యూట్ బోర్డు చెక్కుకొనేవారికి అసలు పరీక్ష యంత్రం కొనడంలో లేదు. దానికి బిగించే అగ్గిపుల్లంత పనిముట్టును ఎంచుకోవడంలో ఉన్నది.

ఖరగ్‌పూర్‌కు లోహాన్ని కోయడం కొత్త విద్య కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పిన నాటినుండి ఈ ఊరి జీవనం లేత్‌ల చప్పుడుతో ముడిపడి ఉన్నది. ఉత్తరాంధ్రనుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఫిట్టర్లుగా, టర్నర్లుగా కుదురుకొని న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలలో తరతరాలు గడిపాయి. ఊరి అంచున హిజ్లీలో 1951లో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. వెలసింది. ఒకవైపు ఇనుప రజను, మరొకవైపు ఎలక్ట్రానిక్ విద్య.

ఈ రెండూ నేడు ఒకే బల్లమీద కలుసుకొంటున్నాయి. న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక రెండు గదుల క్వార్టరును ఊహించండి. కిటికీ పక్క బల్లమీద, కుట్టుమిషను కన్న పెద్దది కాని ఒక మిల్లింగ్ యంత్రం. కంప్యూటరు చెప్పిన దారిలో దాని మొన గిర్రున తిరుగుతూ రాగిపూత పూసిన అట్టమీద గాడులు గీస్తుంది. గాడులు పడినచోట రాగి పోతుంది. మిగిలిన రాగి విద్యుత్తు నడిచే బాట అవుతుంది.

ఇంతకుముందు ఈ పనికి ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణమే గతి. అది తగిలిన బట్టకు మచ్చ పోదు. వాడిన ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది గనుక దానిని కాలువలో పారబోయరాదు. మిల్లింగ్‌లో ఆ బెడద లేదు. కాని కొత్తగా వచ్చినవారు తరచు ఒక పొరపాటు చేస్తారు. అంగడిలో ఉన్నవాటిలో అతి వాడి అయిన మొనను కొంటారు. మొదటి గంటలోనే అది విరుగుతుంది.

మూడు ప్రశ్నలు

1906లో అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ లోహాలను కోసే విద్యపై తన 26 సంవత్సరాల పరిశోధనల సారాన్ని తోటి ఇంజనీర్ల ముందుంచాడు. ఎనిమిది లక్షల పౌండ్లకు పైగా ఉక్కును, ఇనుమును రజనుగా మార్చిన ప్రయోగాలవి. యంత్రం ముందు నిలిచే ప్రతి పనివానికి ప్రతి పూటా ఎదురయ్యే ప్రశ్నలు మూడని ఆయన గుర్తించాడు: ఏ పనిముట్టు? ఎంత వేగం? ఎంత చొప్పున ముందుకు జరపాలి? రైలింజను చక్రానికైనా, అరచేతిలో ఇమిడే బోర్డుకైనా ఆ ప్రశ్నలు మారలేదు.

మారినది కొలత. సాధారణపు బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు. దానిపై రాగి పొర 35 మైక్రాన్లు మాత్రమే. అంటే తలవెంట్రుక మందంలో ఇంచుమించు సగం. కోయవలసినది ఆ పొరనే. కాని పనిముట్టును అరగదీసేది రాగి కాదు, దాని కింది అట్ట. అందుచేత ఎంపిక అట్టతోనే ఆరంభం కావాలి.

గాజా, కాగితమా?

బోర్డులు ముఖ్యంగా రెండు రకాలు. ఎఫ్.ఆర్.-4 అనేది గాజునారను ఎపాక్సీ జిగురుతో బిగించిన పలక. గట్టిది, వేడికి ఆగేది. ఎఫ్.ఆర్.-1 కాగితపు పొరలను ఫినోలిక్ రెజిన్‌తో అదిమి చేసినది. కొంచెం పెళుసు, కాని మెత్తగా కోసుకొంటుంది.

గాజునార ఆకురాయివంటిది. హైస్పీడ్ స్టీలు మొన దానిముందు ఎంతోసేపు నిలువదు. ఇక్కడ కావలసినది టంగ్‌స్టన్ కార్బైడ్. 1920లలో జర్మనీలో ఈ పదార్థపు పొడిని కోబాల్టుతో కలిపి, అదిమి, కొలిమిలో కాల్చి పనిముట్లు చేయడం నేర్చారు. క్రుప్ సంస్థ దానికి ‘విడియా’ అని పేరు పెట్టింది. జర్మన్ భాషలో ‘వజ్రంవలె’ అన్న మాటలనుండి పుట్టిన పేరది. మన వర్క్‌షాపులలో నేటికీ కార్బైడ్‌ను విడియా అనే పిలుస్తారు. దాని కాఠిన్యం ఎంత గొప్పదో పెళుసుదనమూ అంతే. నేల మీద పడినా, పక్కకు ఒరిగినా పుటుక్కున విరుగుతుంది. అందుకే నిండు కార్బైడ్‌తో చేసిన సన్నని డ్రిల్లును చేతి డ్రిల్లు యంత్రానికి బిగించరాదు.

వాడి మొనలోని మోసం

గాడి తీయడానికి రెండు జాతుల పనిముట్లు దొరుకుతాయి. మొదటిది పెన్సిలు మొనవలె కూచిగా ఉండే ‘వి’ బిట్టు. 20, 30, 60 డిగ్రీల కోణాలలో వస్తుంది. రెండవది పైనుండి కిందివరకు ఒకే వ్యాసం కలిగిన ఎండ్ మిల్.

‘వి’ బిట్టు ఎంత లోతుకు దిగితే గాడి అంత వెడల్పవుతుంది. మొన వెడల్పు 0.1 మిల్లీమీటరు, లోతు 0.1 మిల్లీమీటరు అనుకొందాం. 60 డిగ్రీల బిట్టు 0.22 మిల్లీమీటర్ల గాడి తీస్తుంది. 30 డిగ్రీలది 0.15. బోర్డు ఒక మూల కొంచెం ఉబ్బి, అక్కడ లోతు 0.2కు చేరినదనుకోండి. మొదటి గాడి 0.33 అవుతుంది, రెండవది 0.21. పక్కపక్కన ఉన్న సన్నని బాటలను ఆ తేడాయే మింగివేస్తుంది. పోనీ 20 డిగ్రీలదో, ఇంకా సన్ననిదో తీసుకొందామంటే, మొన బలహీనమై తునిగిపోతుంది. అందుచేత మొదలుపెట్టేవారికి 30 డిగ్రీలు మధ్యేమార్గం.

ఎండ్ మిల్‌తో ఈ చిక్కు లేదు. లోతు మారినా గాడి వెడల్పు మారదు. ఎం.ఐ.టి.లో పుట్టి, 2002లో మహారాష్ట్రలోని పాబల్‌లో ఉన్న విజ్ఞాన్ ఆశ్రమం మొదలుకొని ప్రపంచమంతటా వ్యాపించిన ‘ఫ్యాబ్ ల్యాబ్’లలో విద్యార్థులకు ఎఫ్.ఆర్.-1 పలకను, అంగుళంలో 64వ వంతు, అంటే 0.4 మిల్లీమీటర్ల ఎండ్ మిల్‌ను ఇవ్వడం పరిపాటి. పాత తరహా ఐ.సి. కాళ్ళ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, ఉపరితలంపై అతికే రకాలలో అనేకానికి 1.27. వీటి మధ్య 0.4 మిల్లీమీటర్ల మొన హాయిగా దూరుతుంది. కాళ్ళు అర మిల్లీమీటరు దూరంలో ఉన్న చిప్పులకే ‘వి’ బిట్టు అవసరం.

యంత్రపు నిజాయితీ

ఎంత మంచి మొనైనా యంత్రం తిన్నగా తిప్పినప్పుడే పనిచేస్తుంది. కుదురులో 0.05 మిల్లీమీటరు ఊగు ఉంటే 0.1 మిల్లీమీటరు మొన ఆ మేరకు వెడల్పు గాడే తీస్తుంది. పైగా త్వరగా విరుగుతుంది. కాలెట్‌లో రజను లేకుండా తుడిచి బిగించడం, బోర్డును కదలకుండా బల్లకు అతికించడం, ఉపరితలపు ఎగుడుదిగుళ్లను ముందుగా కొలిచి లోతు సరిచేయడం కొత్త బిట్టు కొనడం కన్న లాభసాటి.

వేగం లెక్క సులువు. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండు పళ్ళ మొనను 200 మిల్లీమీటర్ల చొప్పున జరిపితే ఒక్కొక్క పన్ను 0.01 మిల్లీమీటరు కోస్తుంది. మరీ నెమ్మదిగా జరిపితే పన్ను కోయక రుద్దుతుంది, వేడెక్కి మొద్దుబారుతుంది. తొందరపెడితే విరుగుతుంది. గాడి అంచున రాగి పీచు లేస్తున్నదంటే మొన అరిగినదనో, లోతు మించినదనో అర్థం.

రంధ్రాలకు 0.8, 1.0 మిల్లీమీటరు కార్బైడ్ డ్రిల్లులు, అంచు కోయడానికి 2 మిల్లీమీటర్ల వ్యాసంగల కట్టరు ఒకటి చాలు. అంచును ఒకే ఊపున కాక మూడు నాలుగు పొరలుగా కోయాలి; కింద పనికిరాని చెక్క వేయాలి.

కంటికి ఆనని ధూళి

పనిముట్టు విరిగితే కొన్ని రూపాయల నష్టం. గాజు ధూళి సంగతి అలా కాదు. ఎఫ్.ఆర్.-4 కోసేటప్పుడు లేచే సన్నని నలుసులు చర్మానికి, కళ్ళకు దురద పుట్టిస్తాయి. ఊపిరితో లోపలికి పోయి శ్వాసనాళాలను బాధిస్తాయి. రెండు గదుల ఇంట్లో ఆ ధూళి పసిపిల్లల పక్కలమీద, అన్నం గిన్నెలమీద వాలుతుంది. అందుచేత ఇంట చేసేవారు వీలైనంతవరకు ఎఫ్.ఆర్.-1నే వాడటం మేలు. దాని దుమ్మూ పీల్చదగినది కాదు గాని, అందులో గాజు లేదు. ఏది కోసినా కళ్ళద్దాలు, ఎన్-95 మాస్కు తప్పవు. రజనును నోటితో ఊదరాదు. సన్నని వడపోత గల వాక్యూమ్‌తో లాగి, తడిగుడ్డతో తుడవాలి.

కాబట్టి అంగడికి వెళ్ళేముందు నాలుగు సంగతులు కాగితంపై రాసుకోవాలి: పలక ఏది, బాటల మధ్య సందు ఎంత, కుదురు ఊగు ఎంత, దుమ్ము పోయే దారి ఏది. వీటికి సమాధానం దొరికిన తరువాత బిట్టు ఎంపిక దానంతట అదే తేలుతుంది. ఎక్కువమందికి అది 0.4 మిల్లీమీటర్ల ఎండ్ మిల్ రెండు, 30 డిగ్రీల ‘వి’ బిట్టు ఒకటి అవుతుంది.

రైలు చక్రాన్ని లేత్‌కు ఎక్కించే టర్నరు ముందుగా పనిముట్టు వాడిని చూడడు. చక్రం తిన్నగా కూర్చున్నదా అని చూస్తాడు. అతని మనుమడు 35 మైక్రాన్ల రాగిని కోయడానికి కూర్చున్నప్పుడు ముందుగా చూసుకోవలసినదీ అదే.