సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్‌యూవీ కొంటున్నారా? వార్నింగ్ లైట్ కాదు, ఈ నంబర్ చూడండి

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట కారు గోలేంటి అనుకోకండి. ఇది కూడా గాడ్జెట్ కథే. ఆ గాడ్జెట్ ఖరీదు వెయ్యి లోపే. అది జేబులో లేకపోతే మా అక్క చీటీలు కట్టి దాచిన డబ్బులో పెద్ద ముక్క రిపేర్లకే పోయేది.

మాది శ్రీకాకుళం అరసవల్లి. మా బావ వైజాగ్‌లో ఒక డీలర్ దగ్గర 2021 మోడల్ మిడ్ సైజ్ డీజిల్ ఎస్‌యూవీ చూశాడు. కంపెనీ పేరు చెప్పను, తప్పు కంపెనీది కాదు కాబట్టి. మీటర్ మీద 58 వేల కిలోమీటర్లు, అద్దంలా పాలిష్, డాష్‌బోర్డ్‌లో ఒక్క లైటూ వెలగట్లేదు. బావ అడ్వాన్స్ ఇచ్చేయడానికి రెడీ. నేను స్టీరింగ్ కింద తల పెట్టి వెతుకుతుంటే, "ఏట్రా, బండి చూడ్డానికి ఒచ్చావా, ఫోన్ చూసుకోడానికి ఒచ్చావా?" అన్నాడు.

నేను వెతికింది ఓబీడీ2 పోర్ట్. 16 పిన్నుల సాకెట్, మామూలుగా స్టీరింగ్ కిందే ఉంటుంది. అందులో ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ ఓపెన్ చేస్తే బండి కంప్యూటర్ మనతో మాట్లాడుతుంది. ఐఫోన్ వాళ్లు మాత్రం వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ మోడల్ కొనాలి, మామూలు బ్లూటూత్‌ది కనెక్ట్ అవదు.

ఎర్రర్ కోడ్లు సున్నా. బావ మొహం వెలిగింది. కానీ అసలు చూడాల్సింది అది కాదు. కోడ్లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్ విడిగా లెక్క పెట్టుకుంటుంది. చాలా యాప్‌లలో అది కనిపిస్తుంది. ఈ బండిలో ఆ నంబర్ 9. అంటే 9 కిలోమీటర్ల క్రితమే ఎవరో లైట్ ఆర్పేశారు. అడాప్టర్ ఉన్న ఎవరైనా ఒక్క బటన్‌తో లైట్ ఆర్పగలరు, ఆ లెక్కను మాత్రం మళ్లీ పెంచలేరు. (కొన్ని బండ్లలో బ్యాటరీ తీసినా ఇది సున్నా అవుతుంది. కాబట్టి బ్యాటరీ మీద తేదీ కూడా చూడండి, ఊరికే డీలర్‌తో గొడవ పెట్టుకోకండి.)

ఏమీ అనకుండా హైవే మీద టెస్ట్ డ్రైవ్ అడిగాం. తగరపువలస దాటకుండానే పెండింగ్‌లో ఒక కోడ్ వచ్చింది: పీ2463. డీపీఎఫ్‌లో మసి పేరుకుపోయిందని దానర్థం.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లో ఈ ఫిల్టర్ మామూలైపోయింది. పొగలోని మసిని పట్టుకుని, సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. అంత వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా ఒక స్పీడ్‌లో పరిగెత్తాలి. అరసవల్లి గుడి నుంచి ఏడు రోడ్ల జంక్షన్‌కి వెళ్లొచ్చే బండిలో మసి చేరడమే తప్ప కాలడం ఉండదు. తక్కువ తిరిగిన డీజిల్ మంచిది అని మనవాళ్లు గుడ్డిగా నమ్ముతారు గానీ, బీఎస్6 విషయంలో రోజూ హైవే ఎక్కిన లక్ష కిలోమీటర్ల బండే నాకు నయం.

మా మెకానిక్ అంచనా ప్రకారం ఫిల్టర్ విప్పి క్లీన్ చేయిస్తే పదిహేను వేల దాకా, మార్చాల్సి వస్తే లక్ష పైనే. పైగా మసి ఊరికే చేరదు. ఇంజెక్టర్, టర్బో లేదా ఈజీఆర్ వాల్వ్ తేడా చేసి ఉంటే, అది బాగుచేయకుండా ఫిల్టర్ మార్చినా మళ్లీ అదే పాట. బండి వదిలేసి వచ్చేశాం. బావ తగరపువలస నుంచి వైజాగ్ దాకా మాట్లాడలేదు.

స్కానర్ చెప్పలేనివీ ఉన్నాయి. క్లచ్ అందులో ఒకటి. నాలుగో గేర్‌లో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్ జారుతోంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న బండిలో రెండూ కలిపి మారిస్తే యాభై వేలకు తక్కువ అనుకోవద్దు.

టైమింగ్ బెల్ట్ ఇంకొకటి. 2012లో వచ్చిన రెనో డస్టర్ 1.5 డీజిల్‌కి బెల్ట్ ఉంటుంది, 2015 క్రెటా 1.6 డీజిల్‌కి చైన్. బెల్ట్‌కి గడువుంది. అది దాటాక తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పనే పడుతుంది. డస్టర్ మంచి బండే, నాకిష్టం కూడా. కానీ బెల్ట్ మార్చిన బిల్లు చూపించకపోతే ఆ ఖర్చు ముందే ధరలోంచి కోయండి.

మూడోది వరద నీళ్లు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో కార్లు ఎలా మునిగాయో టీవీలో చూశాం కదా. నీళ్లు తాగిన బండి ఆ రోజు కోడ్ చూపించదు, కనెక్టర్లు మెల్లగా తుప్పు పట్టి నెలల తర్వాత ఒక్కొక్కటీ మొదలెడతాయి. సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి. పైన కడుగుతారు గానీ లోపల చుట్టుకున్న భాగంలో బురద మరక ఉండిపోతుంది. సీటు కింద పట్టాల మీద తుప్పు కూడా చూడండి.

రెండు వారాల తర్వాత బావ విజయనగరంలో ఇంకో బండి చూశాడు. పెట్రోల్, డీపీఎఫ్ గొడవే లేదు. కోడ్లు చెరిపి 11 వేల కిలోమీటర్లు దాటింది. క్లచ్ మాత్రం అయిపోయింది, ధరలో ఇరవై వేలు తగ్గించారు. ఈసారి అడాప్టర్ గుచ్చింది బావే. ఇంకా తిరిగివ్వలేదు.