రోగి సంస్కృతి సరే, డాక్టరు కులం మాటేమిటి?

వైద్య విద్యార్థులకు సాంస్కృతిక వైవిధ్యం గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ధర్పల్లిలో మొదలుపెట్టాలంటాం మేం. ఈ జిల్లాలో ప్రభుత్వ వైద్య కళాశాల 2013లో వచ్చింది. 2019లో చేరిన బ్యాచి నుంచి దేశమంతటా ఎం.బి.బి.ఎస్. చదువులో వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు పాఠాలయ్యాయి. ఆ తర్వాత విద్యార్థులు ఊళ్లకు పోయి కొన్ని కుటుంబాల ఆరోగ్యం కనిపెట్టి ఉండాలన్న నియమం కూడా వచ్చింది. దీనికి 'కుటుంబ దత్తత' అని పేరు పెట్టారు. పని మంచిదే. కానీ ఆ పేరు చూడండి: ఇందులో బిడ్డ ఎవరు, తల్లిదండ్రులెవరు?

ఒక బ్యాచి ధర్పల్లికి వచ్చిందనుకుందాం. "పెయ్యంత గుంజుతంది", "దమ్మొస్తంది", "తెల్లబట్టయితంది" - ఈ మాటలు వాళ్లు చదివిన ఇంగ్లీషు పుస్తకాల్లో లేవు. తండాకు పోతే లంబాడి భాష, మరో ఇంట్లో ఉర్దూ. ఇవి నేర్చుకోవాలి. ఇది తేలిక పాఠం.

బీడీలు చేసే ఆడమనిషి దగ్గు ముదిరేదాకా దవాఖానకు రాదు. విద్యార్థి 'మూఢనమ్మకం' అని రాసుకుంటాడు. ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్క. దవాఖాన లైన్ల నిలబడ్డ పూట చేట ఖాళీ, కూలి గల్లంతు. పొగాకు దుమ్ము ఇంట్లనే, పిల్లల పక్కనే. దీన్ని సంస్కృతి అంటే అసలు రోగం దాచినట్టే.

ఇక కులం. ఊళ్లల్లో పురుళ్లు పోసిన మంత్రసానులు ఎక్కువగా మాదిగ, మంగలి, చాకలి స్త్రీలు. పురిటికి పనికొచ్చిన చేతులు పురుడు వెళ్లినంక అంటరానివయ్యాయి. ఘనశ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు సర్వే చేసి 2006లో పుస్తకం వేశారు. దాదాపు మూడోవంతు ఊళ్లలో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లల్లోకి పోవడం లేదని అందులో తేలింది. దీన్నీ 'వైవిధ్యం' అందామా?

తరగతి గది మాత్రం కులం లేని చోటా? ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులపై వివక్ష మీద థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. పక్క బెంచీ మీది దళిత విద్యార్థిని సాటిమనిషిగా చూడనివాడు మాలవాడలో నాడి ఎట్లా పడతాడు?

అందుకే ఉపాధ్యాయులకు మా సూచన. ఊరినుంచి వచ్చిన ప్రతి విద్యార్థి రికార్డులో మూడు ప్రశ్నలకు జవాబు రాయించండి: రోగి ఏ మాటల్లో చెప్పుకుంది? నీ దగ్గరికొచ్చినందుకు ఆమెకు ఎంత కూలి పోయింది? నువ్వు ఏ ఇంట్లో నీళ్లు తాగావు, ఏ ఇంట్లో తాగలేదు?

మొదటి రెండూ రోగి గురించి. మూడోది డాక్టరు గురించి. ఆ మూడోది రాయించని పాఠం సగం పాఠమే.