మూడో ఏట తీరిన నానమ్మ మొక్కు

ఉప్పల్: నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఓ యువ కార్మికుని ఇంట 2020 మార్చి మొదటివారంలో ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుక చేయాలనుకున్నారు. ఇంతలో 22న జనతా కర్ఫ్యూ, మర్నాటి నుంచి లాక్‌డౌన్. నానమ్మ ఊళ్లోనే ఆగిపోయింది. పిల్లను తండ్రే తొట్టెలో వేశాడు. నానమ్మ ఫోనులో పేరు పెట్టి పిలిచింది.

పని ఆగిపోయింది. ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. తిండికి ఢోకా లేదు గానీ, గది అద్దెకు బాలింత చెవికమ్మలు తాకట్టుకు వెళ్లాయి.

మే 19న జిల్లా బస్సులు కదిలాయి. వరంగల్ వైపు బస్సులను ఉప్పల్‌లోనే ఆపేవారు. అక్కడి నుంచి నాచారం ఎంత దూరం! కానీ పదేళ్లలోపు పిల్లలు, 65 దాటిన పెద్దలు ఇల్లు కదలరాదని సర్కారు సూచన. ఈ ఇంట ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తున్నది సరిగ్గా ఆ ఇద్దరే. పిల్ల బోర్లా పడిందని తెలిసి నానమ్మ ఊళ్లోనే బొబ్బట్లు చేసి ఇరుగుపొరుగుకు పంచింది.

జూన్ 8న గుళ్లు తెరిచారు. యాదగిరిగుట్టలో పుట్టువెంట్రుకలు తీయిస్తానని మొక్కుకున్నది ఆమే. పదకొండో నెలలో తీయిద్దామంటే, రోగం ఇంకా తగ్గాక చూద్దామన్నది. 2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్, ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు. ఆ రోజుల్లోనే ఆమె కరోనాతో కన్నుమూసింది. మనవరాలిని చూసింది రెండుసార్లే.

సంవత్సరీకం అయ్యేదాకా శుభకార్యం లేదు. 2022 వేసవిలో గుట్టకు వెళ్లారు. అప్పటికి పిల్ల జుట్టు రెండు జడలకు వచ్చింది. మేనమామ ఒడిలో పిల్ల ఏడుస్తుంటే, నానమ్మ ముడుపు కట్టిన పసుపుగుడ్డ విప్పి, అందులోని రూపాయలను తండ్రి హుండీలో వేశాడు.