వార్తల్లో పదం: ఆల్ట్ మోడ్

ఐరోపా సమాఖ్య దేశాల్లో అమ్మే కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లకు 2024 డిసెంబరు 28 నుంచి యూఎస్‌బీ టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరైంది. ల్యాప్‌టాప్‌లకు ఆ గడువు 2026 ఏప్రిల్ 28. అయితే నిబంధన ఛార్జింగ్‌ వరకే. అదే పోర్టుకు రెండో మానిటర్ తగిలిస్తే బొమ్మ వస్తుందన్న హామీ లేదు. అందుకు ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ ఉండాలి.

ఏమిటిది?: వీడియో ప్రమాణాలు రూపొందించే ‘వెసా’ సంస్థ దీన్ని 2014లో ప్రకటించింది. టైప్-సి పోర్టులో 24 పిన్నులుంటాయి. వాటిలో డేటాను వేగంగా మోసే నాలుగు దారులున్నాయి. మానిటర్ తగిలించగానే రెండు పరికరాలూ సంప్రదించుకుని, వాటిలో రెండింటినో నాలుగింటినో వీడియోకు మళ్లిస్తాయి. అదే తీగలో ఛార్జింగ్ కూడా సాగుతుంది.

ఎందుకు రాదు?: తయారీదారులకు ఈ సదుపాయం ఐచ్ఛికం. ఫోన్‌తో వచ్చే ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి ఆ వేగవంతమైన తీగలే ఉండవు. ప్రాసెసర్‌కూ పరిమితులుంటాయి: ఎం1, ఎం2 చిప్‌ల మ్యాక్‌బుక్ ఎయిర్‌లు నేరుగా ఒక్క బయటి తెరకే పనిచేస్తాయి.

ఎలా తెలుసుకోవాలి?: పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉంటే దిగుల్లేదు. గుర్తు లేకపోతే మోడల్ వివరాల్లో చూడాలి. ఆల్ట్ మోడ్ లేని ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే అదే దారి. విండోస్‌లో విండోస్, పి మీటలు కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకుంటే రెండు తెరలపై వేర్వేరు పనులు చేసుకోవచ్చు.