పాండవ గుళ్ల కింద నిధి ఉందా? పడవ సమాధులు చెప్పే జవాబు

అలిపిరి నుంచి మాట్లాడతా ఉన్నా. మన చిత్తూరు వైపు కొన్ని ఊళ్ల బయట, పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి పైన ఇంకో పలక కప్పిన కట్టడాలు ఉంటాయి. జనం వాటిని పాండవ గుళ్లు అంటారు. నిజానికి అవి ఇనుప యుగం నాటి సమాధులు. రెండు వేల ఏళ్లు దాటినవి. వాటి కింద బంగారం ఉందని రాత్రిపూట గడ్డపారలు పట్టుకొని పోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

సరే, నిజంగానే సంపదతో పూడ్చిన సమాధి ఎట్లుంటుందో చూద్దాం. దానికి నార్వే దాకా పోవాల.

అక్కడ వైకింగుల కాలంలో గొప్పింటివాళ్లు చనిపోతే, ఏకంగా ఓడనే ఒడ్డుకు లాగి, అందులో మనిషిని పడుకోబెట్టి, పైన మట్టి దిబ్బ వేసేవాళ్లు. ఓసెబర్గ్ అనే చోట 1904లో అట్లాంటి ఓడను తవ్వి తీశారు. పొడవు 21 మీటర్లకు పైనే. లోపల ఇద్దరు ఆడవాళ్లు. బండి, మంచు మీద లాగే బళ్లు, మంచాలు, గుర్రాలు కూడా ఉన్నాయి. సమాధి గదికి వాడిన చెట్టు వలయాలు లెక్కపెట్టి, పూడ్చింది క్రీ.శ. 834లో అని తేల్చారు.

అయితే నగలు దొరకలేదు. దొంగలు ముందే దూరారు. తమాషా ఏమంటే, వాళ్లు వదిలేసిపోయిన చెక్క పారల వలయాలు కూడా లెక్కపెట్టారు. దొంగతనం జరిగింది పదో శతాబ్దంలోనట! దొంగలకు పనికిరాదనిపించిన చెక్కే మనకు అసలు కథ చెప్పింది.

ఇంగ్లండులో సట్టన్ హూ దగ్గర 1939లో ఇంకో వింత. ఓడ చెక్కంతా మట్టిలో కరిగిపోయింది. ఇసుకలో దాని అచ్చు, వరసగా ఇనుప మేకులు మాత్రం మిగిలాయి. ఒక్కో మేకునూ ఉన్నచోటే ఉంచి తవ్వారు కాబట్టే 27 మీటర్ల ఓడ ఆకారం కళ్లకు కట్టింది. ఎవరైనా ముందే గెలికుంటే? తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, అంతే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన సమాధుల్లో ఎక్కువగా ఉండేవి ఎముకలు, ఎరుపు నలుపు కలిసిన కుండలు, ఇనుప కత్తులు, పూసలు. కొన్నిచోట్ల కాళ్లున్న మట్టి తొట్లలో ఎముకలు పెట్టేవాళ్లు. కడప జిల్లా శంఖవరంలో జంతువు ఆకారంలో చేసిన తొట్టి దొరికింది. అది చెన్నై మ్యూజియం చేరింది. అట్లాంటి తొట్టిని బంగారం కోసం పగలగొడితే చేతికి వచ్చేది పెంకులే. ఏ కుండ ఎవరి పక్కన ఉంది, ఎముకలు ఒకరివా నలుగురివా అనేది ఇంక ఎవరూ చెప్పలేరు. మన ముందటి మనుషుల గురించి మనకున్న పుస్తకం అదొక్కటే. వాళ్లు రాసిపెట్టిన కాగితం ఏదీ లేదు కదా.

చట్టం సంగతి కూడా వినండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన విలువైనది దొరికినా కలెక్టరుకు తెలపాల్సిందే.

కాబట్టి మీ ఊరి పొలంలో అట్లాంటి రాళ్లు కనిపిస్తే, ఫోన్ తీసి నాలుగు వైపులా ఫోటో కొట్టండి. రాయి కదపొద్దు, కుండ పెంకు జేబులో వేసుకోవద్దు. రీల్‌లో లొకేషన్ పెట్టొద్దు, గడ్డపార వాళ్లు కూడా చూస్తారు. పురావస్తు శాఖకో, మన ఎస్వీ యూనివర్సిటీలో పురావస్తు విభాగానికో చెప్పండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.