ఆకులు కుట్టే చీమలు

విజయనగరం మామిడితోటల్లో గాని, శ్రీకాకుళం జిల్లా ఉద్దానపు జీడితోటల్లో గాని చెట్టెక్కిన కూలివాడు ఉన్నట్టుండి చేయి విదిలించుకొంటాడు. క్షణంలో మోచేతి దాకా ఎర్రచీమలు ప్రాకి ఉంటవి. అవి కరచి ఊరుకొనవు. కరచిన గాటులో ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతవి. మంటకు కారణమదే. అతడు వాటిని తిట్టుకొంటే తప్పు పట్టలేము. కాని ఆ బాధ తీరిన పిమ్మట తలెత్తి చూస్తే, కొమ్మ చివర పచ్చి ఆకులను అంచులు చేర్చి కుట్టిన ఉండ ఒకటి కనిపిస్తుంది. సూదీ దారమూ లేని ఆ కుట్టుపని చీమలది.

చీమ అనగానే మనకు పుట్ట జ్ఞాపకం వస్తుంది. నాగులచవితి నాడు పాలు పోసే నిలువెత్తు పుట్టలను లేపేవి నిజానికి చీమలు కావు, చెదలు. చెదకు బొద్దింకతో ఉన్నంత చుట్టరికం చీమతో లేదు. ఈ ఎర్రచీమకైతే మట్టితో పనే లేదు; దాని సంసారమంతా చెట్టుమీదనే.

గూడు కట్టదలచిన చోట మొదట కొన్ని చీమలు ఆకు అంచును పట్టి లాగి చూస్తవి. అది వంగుతున్నదని తోస్తే తక్కినవి వచ్చి చేరుతవి. రెండు ఆకుల నడిమి దూరం ఒక చీమ నిడివిని మించితే, ఒకదాని నడుమును మరొకటి దవడలతో పట్టుకొని గొలుసు కడతవి. అలాంటి గొలుసులు ప్రక్కప్రక్కన ఎన్నో ఏర్పడి, ఆకులను మెల్లమెల్లగా దగ్గరకు లాగుతవి. ఆకులు చేరినవి సరే, అతకడం ఎట్లా? ఎదిగిన చీమ వద్ద పట్టు లేదు. అప్పుడు కొన్ని చీమలు పాతగూటికి పోయి, తెల్లని డింభకాలను నోట కరచుకొని వస్తవి. స్పర్శశృంగాలతో తట్టగానే డింభకం నోటివద్ద నుండి సన్నని పట్టుదారం వెలువడుతుంది. చీమ ఆ డింభకాన్ని ఈ అంచుకూ ఆ అంచుకూ త్రిప్పుతూ, నేతగాడు నాడె ఆడించినట్లు నేసుకుపోతుంది. పొందూరు ఖద్దరు నేతను ఎరిగిన జిల్లావారికి నాడె సంగతి విడమరచి చెప్పనక్కర లేదు.

అనేక జాతుల చీమలలో డింభకం ఈ పట్టుతోనే తన చుట్టూ పట్టుకాయ అల్లుకొని ప్యూపాగా మారుతుంది. ఈ జాతి బిడ్డలు తమ పట్టునంతా ఇంటికిచ్చివేసి, తాము ఏ ముసుగూ లేకుండా పెరుగుతవి.

ఒక కుటుంబానికి ఒక్కటే గూడు కాదు. పెద్ద కుటుంబమైతే అనేక చెట్లమీద పదుల కొలది గూళ్ళు, లక్షల కొలది చీమలు. గ్రుడ్లు పెట్టే రాణి సామాన్యంగా ఒక్కతే. 1775లో ఫాబ్రీషియస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ చీమకు మరకతమణిని తలపించే పేరు పెట్టాడు. ఎర్రచీమకు పచ్చమణి పేరేమిటని విద్యార్థులు అడుగవచ్చు. రాణి ఒంటిపై ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, ఆస్ట్రేలియాలో పనిచీమల పొట్ట కూడా పచ్చనిదే. పనిచేసేవన్నీ ఆడచీమలు. వాటిలో చిన్నవి లోపల ఉండి పసివాటిని సాకుతవి. పెద్దవి వేటాడుతవి, గూళ్ళు కడతవి. వయసు మళ్ళినవి పొలిమేర గూళ్ళకు చేరి కాపలా కాస్తవి. పరాయి కుటుంబం మీద పడితే ముందు ప్రాణాలు వదిలేవి అవే.

ఈ కాపలా విలువను చీనావారు ఏనాడో కనిపెట్టారు. క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక చీనా గ్రంథంలో, నారింజచెట్లను పురుగుల నుండి కాపాడడానికి ఈ చీమల గూళ్ళను సంతలో అమ్మేవారని ఉన్నది. తరువాతి కాలంలో చెట్టుకూ చెట్టుకూ నడుమ వెదురుబద్దల వంతెనలు కూడా వేశారు. మన పొరుగున ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులకు ఇది ఆహారం. చీమలను నూరి చేసే ఆ పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. రుచి సంగతి తిన్నవారే చెప్పాలి.

ఉత్తర ఆస్ట్రేలియా తోటల్లో జరిగిన పరిశోధనలలో, ఈ చీమలున్న చెట్లపై జీడిచిగుళ్ళను పీల్చే టీదోమ, మామిడిపూతను పాడుచేసే తేనెమంచు పురుగు తగ్గినట్లు తేలింది. అయితే చీమను పూర్తిగా సాధువని చెప్పడానికి వీలులేదు. పిండినల్లి విసర్జించే తీపిరసానికి ఆశపడి దానినీ కాపాడుతుంది. కోతకూలీల బాధ సరేసరి.

ఉద్దానం రైతుకు ఇది వినోదపు ముచ్చట కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అతని జీడితోటలను, కొబ్బరితోటలను నేలమట్టం చేసింది. తిరిగి నాటిన జీడిమొక్క కాపుకు వచ్చేందుకు ఏళ్ళు పడుతుంది. అట్టి చెట్టుపై పూత సమయాన మందు చల్లితే టీదోమతోపాటు చీమ కూడా చస్తుంది. టీదోమ ప్రక్కతోట నుండి రెక్కలపై మళ్ళీ వస్తుంది. చీమల కుటుంబం అట్లా రాలేదు. ఎక్కడి నుండియో ఒక కొత్తరాణి ఎగిరివచ్చి, రెక్కలు రాల్చుకొని, ఏదో ఒక ఆకు మడతలో ఒంటరిగా మొదటి గ్రుడ్లు పెట్టాలి.