బోరు నీళ్లకు సబ్బు ఎందుకు నురగదు?

చెన్నై పెరంబూరులో మెట్రో కుళాయి నీళ్లతో స్నానం చేస్తే బుసబుసమని నురగ. బోరు నీళ్లతోనేమో ఎంత రుద్దినా తెల్లటి తెట్టే! ఎందుకిలా?

వాన నీరు మట్టిలోకి ఇంకుతూ అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ బలంతో రాళ్లలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని కరిగించుకుంటుంది. అదే కఠిన జలం. సబ్బు మొదట వీటితో కలిసి తెట్టుగా మారుతుంది. అవి అయిపోయాకే నురగ. పాపం, మురికి జోలికి వెళ్లకముందే సబ్బు ఖర్చు!

మరి కాచితే? బైకార్బనేట్లు విడిపోయి, కాల్షియం కార్బనేట్ గిన్నె అడుగున పొలుసులా పేరుకుంటుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చిన కాఠిన్యం మాత్రం పోదు. కాచడం క్రిములకు మందు, ఉప్పదనానికి కాదు.

మన దేశ ప్రమాణం ప్రకారం తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. కాల్షియం మన ఎముకలకూ కావాలి కాబట్టి, కాస్త కాఠిన్యానికి భయపడక్కర్లేదు. అసలు తిప్పలు గీజరుకే.

మెట్రో నీళ్లలో ఎక్కువ భాగం పుళల్ వంటి చెరువులవి. వాటికి వాన నీటితోపాటు, తెలుగుగంగ కాలువ మీదుగా కండలేరు నుంచి కృష్ణా నీరూ చేరుతుంది. భూగర్భ రాళ్ల మధ్య ఏళ్లకేళ్లు నానే బోరు నీటికి అంత లవణం పట్టడంలో వింతేముంది?